20 కిలోల బార్, రబ్బరు ప్లేట్లు: నాలుగేళ్లు వాడిన మాట

బార్‌బెల్ కొనాలనుకునే వాళ్లు నన్ను మొదట అడిగేది కంపెనీ పేరు. నేను మొదట అడిగేది బార్‌కి తగిలించే ప్లేట్ల వ్యాసం. కావలిలో మా ఇంటి కింది గదిలో 20 కిలోల ఒలింపిక్ బార్, రబ్బరు ప్లేట్లు, బార్‌ని ఆనించే ఒక స్క్వాట్ స్టాండ్ పెట్టుకుని నాలుగేళ్లు దాటింది. అవి దించుకున్న రోజుకి నాకు బరువులెత్తడంలో ఓనమాలు కూడా రావు. నేర్చుకున్నదంతా ఈ సామాను మీదే. అందుకని, కొత్తగా మొదలుపెట్టేవాడికి ఏది అక్కరకొస్తుంది, ఏది డబ్బు దండగ అన్న లెక్కలోనే చెబుతాను.

పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 450 మిల్లీమీటర్లు. అంటే నేలమీద ఉన్న బార్ నడిమి గీత 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నిలబడితే అది మోకాలికీ చీలమండకీ నడుమ తగులుతుంది. డెడ్‌లిఫ్ట్, అంటే నేలమీది బార్‌ని పట్టుకుని నిటారుగా లేవడం గురించి ఎవరు పాఠం చెప్పినా ఆ ఎత్తునే మనసులో పెట్టుకుని చెబుతారు. బజార్లో దొరికే హోమ్ సెట్ సంగతి వేరు. ఐదడుగుల సన్న కడ్డీ, చిన్న ఇనుప చక్రాలు. పది కిలోల ఇనుప ప్లేటు తగిలిస్తే కడ్డీ దాదాపు చీలమండల దాకా దిగిపోతుంది. దాన్ని అందుకోవాలంటే నడుము గూని చేసుకోక తప్పదు. నేర్చుకునేవాడు పాఠంలో చెప్పినట్టే అన్నీ చేస్తాడు, అయినా వీపు నిటారుగా నిలవదు, నాకిది రాదులే అని వదిలేస్తాడు. తప్పు వాడిది కాదు, చక్రానిది.

రబ్బరు ప్లేట్ల సుగుణం అక్కడే ఉంది. పదిదైనా పదిహేనుదైనా ఇరవైదైనా వ్యాసం ఒకటే, మందం మారుతుంది. 20 కిలోల బార్‌కి రెండు పదులు వేస్తే మొత్తం 40 కిలోలు, ఎత్తు మాత్రం పోటీ ఎత్తే. రబ్బరుకి ఇనుము కన్నా కిలోకి ఎక్కువ పడుతుంది, నిజమే. నాకైతే ఈ మొత్తం సామానులో బాధ లేకుండా ఖర్చుపెట్టింది దీనికే. ఐదు కిలోల రబ్బరువి కూడా దొరుకుతాయి కాని మరీ పలచన. ఒక్క ఐదుల జతే వేసి బార్‌ని పైనుంచి వదిలేస్తే వంగుతాయి. మా ఇంట్లో ఒక జత అంచులు వంకరపోయి బార్‌ని నేలమీద పెడితే దొర్లినప్పుడు ఎగుడుదిగుడుగా పోతుంది. ఇనుప ప్లేట్లు ముందే ఉన్నవాళ్లు వాటిని పాత సామానువాడికి వెయ్యనక్కర్లేదు. రెండు పక్కలా సమానమైన చెక్క దిమ్మెలు పెట్టి బార్ ఎత్తు 22 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకుంటే పని జరుగుతుంది.

ఇక డెడ్‌లిఫ్ట్ ఎట్టా పట్టుబడిందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతావాటికి పునాది అదే. బార్ పాదం మధ్యభాగం మీద ఉండాలి. ఈ మధ్యభాగం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. మడమ నుంచి వేళ్ల కొస దాకా కొలిస్తే వచ్చే మధ్య అది. పైనుంచి చూస్తే చీలమండకి ముందున్న భాగమే కనపడుతుంది కాబట్టి దాని మధ్య అనుకుంటాం, బార్ ముందుకి పోతుంది. సరిగ్గా నిలబడితే బార్‌కీ కాలి ముందెముకకీ నడుమ ఒక అంగుళం ఖాళీ ఉంటుంది. అక్కడినుంచి బార్‌ని కదపకుండా వంగి పట్టుకోవాలి. తర్వాత మోకాళ్లు వంచి కాళ్లని బార్‌కి ఆనించాలి. పిర్ర కిందికి దించకుండా రొమ్ము పైకెత్తాలి. ఇప్పుడే లాగకూడదు. చేతులు చాచి మెల్లగా బిగదీస్తే బార్ చివరకీ ప్లేటు రంధ్రానికీ నడుమ ఉన్న సందు మూసుకుని 'టక్' మని చిన్న చప్పుడు వస్తుంది. బార్ ఇంకా లేవలేదు, వదులు మాత్రం పోయింది. ఆ చప్పుడు విన్నాకే కాళ్లు నేలకి తన్నిపట్టి లేవాలి. అది రాకముందే గుంజితే పిర్ర ముందు లేస్తుంది, భారమంతా నడుం మీద పడుతుంది. ఖరీదైన పరికరాలేవీ ఇవ్వని సూచన ఈ చప్పుడు ఇస్తుంది, వినడం అలవాటు చేసుకుంటే చాలు.

బార్ కాళ్లని రాసుకుంటూనే పైకి రావాలి. రైస్ మిల్లు దగ్గర హమాలీలని చూడండి, బస్తాని ఒంటికి దూరంగా పట్టుకుని లేపేవాడు ఒక్కడూ ఉండడు. బార్ మీద పట్టు కోసం చెక్కిన గరుకు, అదే నర్లింగ్, కాలి ఎముకని గీరుతుంది కాబట్టి పొడుగు మేజోళ్లు వేసుకోండి. లుంగీ మీద ప్రయత్నించొద్దు, బార్‌లో చుట్టుకుంటుంది.

బార్‌ని భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ విషయంలో మన వాళ్లకి ఒక సుఖం ఉంది. గొంతుక్కూర్చుని అంట్లు తోమినవాళ్లు, నాట్లు వేసినవాళ్లు, పాత మరుగుదొడ్లు వాడినవాళ్లు అడుగుదాకా దిగడానికి పెద్దగా కష్టపడరు. కమోడ్, కుర్చీ, సోఫాలతో పెరిగినవాళ్లకి చీలమండ వంగక మడమలు లేస్తాయి. మడమల కింద సన్నటి ప్లేట్లు పెట్టుకుంటే మొదట్లో ఆసరాగా ఉంటుంది. పరుగు బూట్లు వద్దు, మెత్తటి స్పాంజి అటూ ఇటూ ఊగుతుంది. బోసికాళ్లు మేలు. మా ఊళ్లో ఒక జిమ్‌లో కొద్దికాలం చూశాను, ట్రైనర్ ప్రతివాడికీ ఒకే పాట పాడేవాడు: మోకాలు బొటనవేలు దాటకూడదు. పొడుగు తొడలున్నవాడు ఆ నియమం పాటిస్తే వీపు ముందుకి ఒరిగిపోయి బరువు నడుము మీద పడుతుంది. మోకాలు వేళ్ల దిశలోనే వెళ్తోందా, మడమ నేలమీద ఉందా, ఈ రెండూ చూసుకుంటే సరిపోతుంది. అదే జిమ్‌లో పట్టాల మీద జారే స్మిత్ మెషిన్ దగ్గరే కొత్తవాళ్లందరినీ నిలబెట్టేవారు. అందులో బార్ ముందుకీ వెనక్కీ పోదు, కాబట్టి బ్యాలెన్స్ అనే ముక్క నేర్చుకునే అవకాశమే లేదు.

స్టాండ్ కొనేటప్పుడు సేఫ్టీ ఆర్మ్స్, అంటే బార్ పడితే ఆపే అడ్డ చేతులు ఉన్నదే తీసుకోండి. ఈ ఒక్క విషయంలో బేరం లేదు. స్క్వాట్‌లో లేవలేకపోతే ఆ చేతుల మీదికి బార్ వదిలేసి బయటికి రావచ్చు. బెంచ్ మీద వెల్లకిలా పడుకుని బార్‌ని పైకి నెట్టే బెంచ్ ప్రెస్ ఒంటరిగా చేసేవాళ్లకి అది ప్రాణరక్షణే. బెంచ్ మీద బొటనవేలు బార్ చుట్టూ తిప్పి పట్టాలి, పైపైన ఆనించి పట్టొద్దు. ప్లేట్లు తీసేటప్పుడు ఒక పక్కవి మొత్తం ఊడదీయకూడదు, రెండో పక్క బరువుకి బార్ గిర్రున తిరిగి లేస్తుంది. చెరో పక్కా ఒక్కొక్కటి తీయాలి. ప్లేట్లు జారకుండా బిగించే కాలర్ల సంగతికొస్తే, బార్‌తో ఉచితంగా వచ్చిన స్ప్రింగ్ కాలర్లు ఏడాది తిరక్కుండానే వదులయ్యాయి. లీవరుతో బిగించే ప్లాస్టిక్‌వి వాడుతున్నాను, ఇంకా గట్టిగానే ఉన్నాయి.

తలపైకెత్తే ప్రెస్‌కి ఖాళీ బారే చాలామందికి సరిపోతుంది, కొన్నాళ్ల దాకా. ఇక్కడ చిన్న ప్లేట్ల విలువ తెలుస్తుంది. పక్కకి 2.5 కిలోలు వేస్తే మొత్తం ఐదు పెరుగుతుంది, భుజాలకి అది పెద్ద మెట్టు. 1.25 కిలోల జత ఉంటే రెండున్నర కిలోల చొప్పున ఎక్కొచ్చు. కొట్టువాళ్లు దీన్ని ముందు చూపించరు, అడిగి తీసుకోవాలి.

సరైన పద్ధతి నేర్పిన గురువు నా ఫోనే. స్టూలు మీద నీళ్ల బాటిల్‌కి ఆనించి, నడుము ఎత్తులో, సరిగ్గా పక్కనుంచి వీడియో తీసుకుంటాను. ఎదురుగా తీస్తే ఏమీ తెలియదు. పక్కనుంచి చూస్తే బార్ చివర ఒక నిలువు గీత గీసినట్టు పాదం మధ్యమీదుగా పైకీ కిందికీ వెళ్తోందా అన్నది ఇట్టే కనపడుతుంది. ముందుకి వంపు తిరిగిందంటే ఎక్కడ తేడా వచ్చిందో ఆపి ఆపి చూడొచ్చు. అద్దం మాత్రం పనికిరాదు. పక్కనున్న అద్దంలోకి మెడ తిప్పి చూస్తూ బరువెత్తడం కన్నా ఊరికే కూర్చోవడం మేలు.

ఇప్పుడు ఉప్పుగాలి. తుమ్మలపెంట సముద్రం మాకు దగ్గరే, తేమకి కొదవ లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, అటుపైన రోహిణి కార్తెలో గది పెనంలా కాగి కారే చెమట. నా బార్ క్రోమ్ పూతది. మధ్యలో చేతులు పట్టే చోట బాగానే ఉంది, పూత పలచనైన చివర్ల దగ్గర మొదటి వానాకాలానికే ఎర్రటి చుక్కలు తేలాయి. పని ముగిశాక పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి నైలాన్ బ్రష్‌తో నర్లింగ్ సందుల్లో ఇరుక్కున్న చాక్ పొడీ చర్మమూ దులిపి, కుట్టు మిషన్ నూనె చుక్కలు పూసి గుడ్డతో పూర్తిగా తుడిచేస్తాను. నూనె మిగిలితే చెయ్యి జారుతుంది. కోస్తాలో ఉండేవాళ్లు చేతిలో డబ్బుంటే స్టెయిన్‌లెస్ స్టీల్ బార్ తీసుకోండి, ఒంగోలు వెనక మెట్ట ప్రాంతం వాళ్లకి అంత అవసరం ఉండదు. చాక్ అంటే బడి సుద్దముక్క అనుకునేరు, ఇది మెగ్నీషియం కార్బొనేట్. చెమట చేతులకి గ్లవ్స్ కన్నా ఇదే పట్టునిస్తుంది.

కింద పరవడానికి జిమ్ టైల్స్ ధర విని గుండె జారి, డెయిరీవాళ్లు గేదెల కోసం కొనే మందపాటి రబ్బరు మ్యాట్లు తెచ్చి వేశాను. ఆటోలోంచి దించుతుంటే మా అమ్మ, "గొడ్డూ గోదా లేని కొంపకి కొట్టం మ్యాట్లేంది అబ్బయా?" అంది. ఇన్నేళ్లకీ ఎక్కడా చిరగలేదు, కింద బండలు పగల్లేదు. మొదటి నెల రబ్బరు వాసన మాత్రం భరించాలి. చోటు విషయం కూడా ముందే కొలుచుకోండి. బార్ పొడవు 2.2 మీటర్లు, అంటే ఏడడుగుల పైచిలుకు. ప్లేట్లు ఎక్కించడానికి అటూ ఇటూ మనిషి నిలబడాలి. పదడుగుల వెడల్పు లేని గదిలో రోజూ గోడలకి సున్నం గీరుకోవడమే.

నడుముకి బిగించే బెల్టు నేను చాలాకాలం వాడలేదు, మొదట్లో అక్కర్లేదు. బిగువు ముందు ఊపిరితో రావాలి: కడుపు నిండా గాలి పీల్చి, పొట్ట బిగించి, బరువు లేచాక వదలాలి. ఇలా ఊపిరి బిగబట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్లు, హెర్నియా ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడగకుండా ఈ పని పెట్టుకోవద్దు.

బార్ ఉంది కదా అని కరణం మల్లీశ్వరి చేసినవి చేద్దామనుకునే కుర్రాళ్లు మా గదికి వస్తుంటారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె కాంస్యం గెలిచింది స్నాచ్‌లో (ఒకే ఊపున తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలతో. ఆ రెండూ స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌ల లాంటివి కావు, బరువు గాల్లో ఉండగానే దాని కిందికి దూరాలి. వాటికి పక్కన కోచ్ ఉండి తీరాలి. మన రైలు మార్గంలోనే ఉన్న స్టువర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట్ రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చాడు. అది వీడియోలు చూసి వచ్చే విద్య కాదు. డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, ప్రెస్ మాత్రం తేలిక బరువుతో, ఓపికతో, ఫోను సాయంతో ఇంట్లో వస్తాయి.

ఈ బార్ ఇంట్లో అందరికీ సరిపోయిందా అంటే లేదు. ఈ మధ్య మా తమ్ముడి భార్య కూడా మొదలుపెట్టింది. "బావగారూ, నడుముకి బరువు కాదు గాని, దీని లావు నా చేతికి ఇమడటం లేదు" అంది. ఆమె మాట నిజం, ఈ బార్ పట్టు 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్ల బార్ 15 కిలోలు, పట్టు 25 మిల్లీమీటర్లు, పొడవు 2.01 మీటర్లు. ప్లేట్లెక్కే చివరలు రెండింటికీ 50 మిల్లీమీటర్లే కాబట్టి ఉన్న ప్లేట్లే సరిపోతాయి. దానికి ఆర్డర్ ఇచ్చాం. ఈసారి స్టెయిన్‌లెస్‌దే.