అబాకస్‌లో నాకు నచ్చినది ఖాళీ ఊచ

అబాకస్ అంటే ఊచలకు గుచ్చిన పూసలను కదుపుతూ లెక్కలు చేసే చట్రం; ఒకట్లు, పదులు, వందలు ఇలా ఒక్కో స్థానానికి ఒక్కో ఊచ. దాని పేరెత్తగానే అందరూ వేగం గురించే మాట్లాడతారు. మా అక్క పిల్లలకు ఇంటి దగ్గర లెక్కలు చెప్పడానికి కొన్నేళ్లుగా ఒకే చట్రాన్ని వాడుతున్నాను. విశాఖ డాబాగార్డెన్స్‌లో కొన్నప్పుడు మేనకోడలు మూడో తరగతి, ఇప్పుడది మేనల్లుడి చేతికి వచ్చింది. ఇన్నాళ్లూ వాడిన మీదట, అందులో నాకు అన్నిటికంటే నచ్చినది ఏ పూసా కదపకుండా వదిలేసే ఊచ.

మేనకోడలికి నాలుగు వేల ఏడు రాయమని చెబితే 40007 అని రాసేది. నాలుగు వేలు, దాని పక్కన ఏడు: చెవిని పడినది పడినట్టే కాగితం మీద పెట్టేది. స్థాన విలువల పట్టిక గీసి చెబితే ఆ పూటకు సరిగ్గా రాసి, మర్నాడు మళ్లీ మొదటికి వచ్చేది. చట్రం మీద ఆ పొరపాటు చేయడమే కష్టం. వేల ఊచలో నాలుగు పూసలు పైకి తోశాక ఏడు వేయాలంటే వేలు ఒకట్ల ఊచ దాకా ప్రయాణించాలి, ఆ దారిలో వందలూ పదులూ ఖాళీగా తగులుతాయి. "మావయ్యా, ఈ రెండిట్లో ఏమీ లేదు కదా, మరి పుస్తకంలో ఏం రాయను?" అని తనే అడిగింది. సున్నా ఎందుకు రాయాలో నేను అంతకుముందు ఎన్నోసార్లు చెప్పాను కానీ, ఆ ప్రశ్న తన నోట రావడం అదే మొదలు.

ఐదో తరగతిలో లక్షలూ కోట్లూ వచ్చేసరికి ఇదే చట్రం మమ్మల్ని తికమక పెట్టింది. మేం కొన్నది జపాను వాళ్ల సొరోబాన్ నమూనా. ఒక్కో ఊచకు పైన ఐదు విలువ చేసే పూస ఒకటి, కింద ఒక్కటేసి విలువ చేసే పూసలు నాలుగు ఉంటాయి, మధ్య పట్టీ మీద ప్రతి మూడో ఊచకూ ఒక చుక్క ఉంటుంది. మూడేసి అంకెలకు కామా పెట్టేవాళ్లకు ఆ చుక్కలు చక్కగా కుదురుతాయి. మనం వేలు దాటాక రెండేసి అంకెలుగా విడగొడతాం కనుక, మొదటి చుక్క ఒకట్ల మీద, రెండోది వేల మీద పడి, మూడోది తిన్నగా పది లక్షల మీద కూర్చుంటుంది. లక్షకూ లేదు, కోటికీ లేదు. 2011 జనాభా లెక్కల్లో మన దేశ జనాభా 121,08,54,977. నూట ఇరవై ఒక్క కోట్ల ఎనిమిది లక్షల యాభై నాలుగు వేల తొమ్మిది వందల డెబ్బై ఏడు అని మా అమ్మ నెమ్మదిగా చదువుతుంటే, చుక్కలను నమ్ముకున్న మేనకోడలు ఎనిమిదిని పది లక్షల ఊచలో వేసేసింది. చివరికి అక్క గోళ్ల రంగు తెచ్చి లక్ష ఊచ దగ్గరా కోటి ఊచ దగ్గరా పట్టీ మీద ఎర్రటి బొట్లు పెట్టాం. కోటికీ లక్షకూ మధ్య ఒక ఊచ ఊరికే మిగిలిపోవడం, పుస్తకంలో 8కి ముందున్న సున్నా అదేనని గుర్తుపట్టడం, రెండూ ఆ బొట్లు ఆరాకే జరిగాయి. మన పిల్లలకు అమ్మే వస్తువు మీద లక్షకు ఒక గుర్తు వేయడం తయారీదార్లకు అంత కష్టమా అని నాకు ఇప్పటికీ చిరాకే.

ఇక వేగం. మొదట్లో నేనూ చుట్టాల దగ్గర గొప్పగానే చెప్పుకున్నాను, ఇప్పుడు ఆ మాటను కొంత తగ్గించుకుంటాను. ఎనిమిదికి ఆరు కలపమంటే మేనకోడలు ఐదు పూసను వదిలి, కింద ఒక పూస చేర్చి, పదుల ఊచలో ఒకటి వేసి, రెప్పపాటులో పద్నాలుగు అనేది. ఎందుకలా అంటే "అలాగే వెయ్యాలి, పుస్తకంలో ఉంది" అనేది. ఆ ముడి విప్పింది ఎంవీపీ కాలనీ రైతు బజార్లో మా అమ్మ. కొత్తిమీర కట్ట ఆరు రూపాయలైతే, పది నోటు ఇచ్చి నాలుగు చిల్లర తీసుకుంటాం. అమ్మేవాడి పెట్టెలో పెరిగింది ఆరే. చట్రం మీదా జరిగేది అదే: పది చేర్చి నాలుగు తీయాలి, కింద మూడు పూసలే ఉన్నాయి కనుక ఐదు తీసేసి ఒకటి వెనక్కి ఇవ్వాలి. చట్రంతో పాటు వచ్చిన పుస్తకంలో సూత్రం ఉంది గాని ఈ కారణం లేదు.

వస్తువు మన్నిక గురించి చెప్పాలంటే, పెదవాల్తేరు ఉప్పుగాలికి కిటికీ ఊచలే ఆగవు, ఇవెంత? రెండో వానాకాలానికి తుప్పు పట్టి పూసలు సగంలో బిగుసుకుపోయాయి, తెల్ల పూసలకు గోధుమ మరకలు దిగాయి. కుట్టుమిషను నూనె గుడ్డకు అద్ది తుడిస్తే కదులుతాయి, కాకపోతే వానలు తగ్గేదాకా వారం వారం ఆ సేవ తప్పదు.

మేనకోడలు భిన్నాల్లోకి వెళ్లాక దీని జోలికి రావడం లేదు, రావలసిన పని కూడా లేదు. మా ఇంట్లో ఇది పనికొచ్చిందంటే పక్కన కూర్చుని అంకెలు చదివే అమ్మమ్మ ఉంది, ఆదివారాలు నాకు తీరిక ఉంది. పిల్లలకు ఇచ్చేసి వదిలేస్తే ఇంతే ఫలితం వస్తుందని నేను అనలేను. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లు ఇనుప ఊచలది కొన్నా పరవాలేదు. మా వీధివాళ్లు అడిగితే మాత్రం వెదురు ఊచలది దొరికేదాకా ఆగమనే చెబుతున్నాను.