ఘోస్ట్ మీటరు కొనాలనుకునేవాళ్లు ముందు ఇది చదవండి

దయ్యాల కోసమైతే ఈ మీటరు కొనొద్దు. ఆన్‌లైన్‌లో ఘోస్ట్ డిటెక్టర్ అని అమ్ముతున్న ఐదు లైట్ల ఈఎంఎఫ్ (విద్యుదయస్కాంత క్షేత్రం) మీటరు ఇది, అరచేతిలో పట్టేంత ఉంటుంది, బటన్ నొక్కితే పచ్చ లైటు వెలిగి, అయస్కాంత క్షేత్రం పెరిగేకొద్దీ ఎరుపు దాకా పోతుంది.

మా ప్రకాశం జిల్లాలో ఒక ఊరి బయట మూతపడిన క్షయ వార్డు ఉంది. ఊరి పేరు రాయను, రాస్తే రాత్రిళ్లు బైకులేసుకుని ఎగబడతారు. చీకటిపడితే అక్కడ ఎవరో ఆయాసపడుతున్నట్టు వినిపిస్తుందని చుట్టుపక్కల అందరూ చెప్పుకుంటారు, మా మేనల్లుడు ఆ దారిన ట్యూషన్‌కి పోవడమే మానేశాడు. వాడి భయం పోగొడదామని మీటరు తెప్పించి, పంచాయతీలో చెప్పి, వాచ్‌మన్ పెద్దాయన్ని తోడు తీసుకుని వెళ్లాం.

మగాళ్ల వార్డు చివరి గదిలో ఎర్ర లైటు వెలిగింది. వాడు నా చొక్కా పట్టుకున్నాడు, నాకూ టెన్షన్ వచ్చింది. పెద్దాయన మాత్రం, "పక్క చేలో మోటారు వేసినట్టున్నారు అబ్బాయ్" అన్నాడు. చూస్తే బయటి గోడ వెంట మేకులకు చుట్టి లాగిన మోటారు వైరు! రైతుతో చెప్పి ఆపిస్తే పచ్చ లైటు ఒక్కటే మిగిలింది, మళ్లీ వేయిస్తే మళ్లీ ఎరుపు. జేబులో ఫోనున్నా లైట్లు ఎగురుతాయి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి, ఈ ముక్క డబ్బా మీద ఎక్కడా లేదు.

ఆయాసం సంగతి టార్చితో తేలింది. పైకప్పు సందులో తెల్లమొహం గుడ్లగూబ పిల్లలున్నాయి, కింద నేలంతా ఎలుకల బొచ్చు, సన్న ఎముకలు కలిసిన ముద్దలు. ఆకలేస్తే అవి బుస్సుమని సాగదీసి అరుస్తాయి, వింటే అచ్చం ఊపిరాడని మనిషే.

నాకు బాధనిపించిందల్లా, జనం చచ్చిపోతుంటే ఆ వార్డు మూసేశారనే మాట. మందు లేని రోజుల్లో ఎందరో పోయారు, నిజమే. అయితే ఇలాంటి వార్డులు ఖాళీ అయింది మందులొచ్చాకే. 1943లో క్షయ మీద పనిచేసే స్ట్రెప్టోమైసిన్ మందు కనుక్కున్నారు, 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, శానటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో ఉంచినా ఇంట్లోనే ఉంచి మందులిచ్చినా రోగులు దాదాపు ఒకేలా కోలుకుంటున్నారని 1959లో తేల్చింది. అమెరికాలో లూయీవిల్ దగ్గరున్న వేవర్లీ హిల్స్ కూడా, మందులొచ్చి రోగులు తగ్గాకే 1961లో క్షయ ఆసుపత్రిగా మూతపడింది, ఇప్పుడక్కడ టికెట్ పెట్టి దయ్యాల టూర్లు తిప్పుతున్నారు. ఆ వీడియోలు చూసే మనవాళ్లు ఈ మీటర్లు కొంటున్నారు. మా వాచ్‌మన్ వాళ్లమ్మ ఆ వార్డులోనే నయమై ఇంటికెళ్లిందట, ఆయన పుట్టింది ఆ తర్వాతే. మా వాడికి మీటరు కంటే ఈ మాటే ఎక్కువ పనిచేసింది, ఇప్పుడు ఆ దారినే ట్యూషన్‌కి పోతున్నాడు.

మీటరుకి ఐదుకి మూడిస్తా. 9 వోల్టుల బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి, బటన్ కాస్త వదులు. ఇంట్లో గోడలో వైరు ఎటుపోయిందో చూడ్డానికి వాడుతున్నా, కరెంటు పారుతుంటేనే చూపిస్తుంది కాబట్టి ముందు ఆ లైన్లో గీజరో ఫ్యానో వేయాలి. లైటు వెలగలేదు కదా, వైరు లేదులే అనుకుని డ్రిల్ మాత్రం పెట్టకండి.