మా జిల్లా ఆసుపత్రిలోని పాలియేటివ్ కేర్ సేవ

మా మేనత్తకు నోటి క్యాన్సర్ ముదిరిన తరువాత ఒక పెద్ద ఆసుపత్రివారు "ఇక చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి" అని కాగితాలు చేతిలో పెట్టారు. ఆ మాట ఎంత తప్పో మా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పినీ ఇతర బాధలనూ తగ్గించే ఉపశమన వైద్యం) విభాగంలో అడుగుపెట్టాకే తెలిసింది.

అక్కడి డాక్టరుగారు రిపోర్టులు తెరవకముందే "అమ్మా, అన్నిటికంటే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది ఏమిటి?" అని అత్తయ్యనే అడిగారు. నొప్పి అంటుందనుకున్నాం. ఆమె చెంప మీది పమిట చెంగు తీయకుండానే "వాసన" అంది. బుగ్గ మీద పుండు పగిలినప్పటి నుంచి ఆమె వసారాలోనే మంచం వేయించుకుని, మనవణ్ణి కూడా దగ్గరికి రానివ్వడం లేదు. నర్సుగారు సెలైన్‌తో పుండు కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడి చేసి చల్లి, పైన గాజుగుడ్డ కప్పే పద్ధతిని అత్తయ్య కోడలి చేత రెండుసార్లు చేయించి, సరిగ్గా వచ్చిందని చూసుకున్నాకే మమ్మల్ని పంపారు. పది రోజులు తిరిగేసరికి వాసన దాదాపు పోయింది. మనవడు ఆ మంచం మీదే కూర్చుని హోంవర్కు రాసుకున్నాడు.

నొప్పికి మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు) మాత్రలు ఇచ్చారు. నాలుగు గంటలకొకసారి నీళ్ళలో కరిగించి తాగించాలి. రాత్రి 10 గంటలకు మాత్రం, నడిరేయి లేపనక్కరలేకుండా, రెట్టింపు మోతాదు. మలబద్ధకం తప్పదు కనుక విరేచనాల మందు మొదటి రోజు నుంచే జతచేశారు. అలవాటైపోతుందని బంధువులు భయపెట్టినప్పుడు, నొప్పికి తగిన కొలతలో, పర్యవేక్షణలో ఇచ్చే మందుకూ వ్యసనానికీ ఉన్న తేడాను డాక్టరుగారు విసుక్కోకుండా అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించి నిబంధనలను సడలించినా మా ఊరి మందుల షాపుల్లో మార్ఫిన్ దొరకదు. ఇక్కడ మాకు పైసా ఖర్చు లేకుండా దొరికింది.

లోటు లేదని చెప్పలేను. రోగిని చూడటానికి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే బండి వారానికి ఒక్కసారే వస్తుంది, రాత్రిపూట ఫోనే దిక్కు. ఒక రాత్రి పుండు నుంచి రక్తం కారినప్పుడు గంటసేపు ఎవరూ ఫోన్ ఎత్తలేదు. అయితే అలా జరగవచ్చని ముందే హెచ్చరించి, ముదురు రంగు తువ్వాళ్ళు మంచం దగ్గర ఉంచమని చెప్పి ఉండడం వల్ల, రక్తం చూసి అత్తయ్య బెదిరిపోలేదు. రాత్రి విధుల్లో ఒక్క నర్సునైనా నియమించడం అత్యవసరం.

ఇది చివరి రోజులకే పరిమితమైన సేవ అనుకుని మేము నాలుగు నెలలు వృథా చేశాం. కీమో, రేడియేషన్ నడుస్తుండగానే దీన్ని తీసుకోవచ్చు. మూత్రపిండాలు, గుండె, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవారికి కూడా ఇది వర్తిస్తుంది. పాత కేసు షీట్లన్నీ వెంట తీసుకువెళ్ళండి.

అత్తయ్య పోయిన తొమ్మిదో రోజున నర్సుగారు మళ్ళీ వచ్చారు. మిగిలిన మార్ఫిన్ మాత్రలను మా ఎదుటే లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకుని, ఆ తరువాత చాలాసేపు కోడలి పక్కన కూర్చుని ఆమె చెప్పుకున్నదంతా విన్నారు.