రాసింది మనం, అమ్ముకునేది వాళ్లు: రెండు లైసెన్సుల పోలిక

చర్చల వెబ్‌సైటు రెడ్డిట్‌లో రాసినా, ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వెబ్‌సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో రాసినా కాపీరైట్ రాసినవాళ్లదే. తేడా అంతా మనం చదవకుండా ఒప్పేసుకునే లైసెన్సులో, అంటే మన రాతని వాడుకోడానికి ఇచ్చే అనుమతిలో ఉంది.

రెడ్డిట్‌కి మనమిచ్చే అనుమతి శాశ్వతం. వెనక్కి తీసుకోలేం, డబ్బు అడగలేం. పైగా దాన్ని వాళ్లు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మన రాతలతో ఏఐ మోడళ్లకి శిక్షణ ఇచ్చుకునేలా 2024 ఫిబ్రవరిలో గూగుల్‌తో రెడ్డిట్ ఒప్పందం ప్రకటించింది ఈ బలంతోనే. డేటా లైసెన్సు ఒప్పందాల మొత్తం విలువ 20.3 కోట్ల డాలర్లని షేర్ మార్కెట్‌కి వెళ్లేముందు రెడ్డిట్ కంపెనీయే తన పత్రాల్లో చెప్పింది. అందులో వాటా అడిగే దారి రాసినవాళ్లకి లేదు. ఇది అన్యాయమనే నేనంటాను.

స్టాక్ ఓవర్‌ఫ్లోది క్రియేటివ్ కామన్స్ అనే బహిరంగ లైసెన్సు. ఎవరైనా వాడుకోవచ్చు, కానీ రాసినవాళ్ల పేరు చెప్పాలి. మార్పులు చేసి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. కాగితం మీద ఇదే మేలు. అయితే ఏఐ మోడల్ జవాబిచ్చేటప్పుడు ఏ ముక్క ఎవరి దగ్గర నేర్చుకుందో మామూలుగా చెప్పదు. 2024 మేలో చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐతో స్టాక్ ఓవర్‌ఫ్లో ఒప్పందం ప్రకటించాక, నిరసనగా తమ జవాబుల్ని చెరిపేసిన కొందరి ఖాతాలను కొన్నాళ్లు ఆపేశారు. సొంత రాతని తీసేసుకునే స్వేచ్ఛ ఇక్కడా లేదన్నమాట.

అయినా నా ఓటు రెండోదానికే. డబ్బు రాకపోయినా, పేరు ఎందుకు వేయలేదని నిలదీయడానికి చేతిలో ఒక షరతైనా ఉంటుంది.