నలభై ఏడేళ్లకు మళ్లీ సైకిలెక్కాను: మౌంటెన్ బైక్‌తో నాలుగేళ్లు

ఈ సైకిల్ 2021 డిసెంబరులో కొన్నాను. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. డిగ్రీ అయిపోగానే వదిలేసిన సైకిల్‌ని మళ్లీ ముట్టుకోవడం అదే. ఈ నాలుగేళ్లలో 10,800 కిలోమీటర్లు తొక్కాను. అందులో అరవై శాతం విశాఖ బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ నుంచి భీమిలి వైపు. మిగతాది తొట్లకొండ చుట్టుపక్కల, ఆనందపురం వైపు ఊళ్ల మట్టిదారులు. నెలకో రెండు నెలలకో కైలాసగిరి ఎక్కుతాను.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే సామగ్రితో, ఇంచుమించు ఇదే ధరకి చాలా కంపెనీలు సైకిళ్లు అమ్ముతున్నాయి కాబట్టి పేరుకంటే సామగ్రి చెబితేనే మీకు పనికొస్తుంది. అల్యూమినియం ఫ్రేమ్, ముందు మాత్రమే షాకర్ (100 మిల్లీమీటర్లు కుంగే స్ప్రింగ్ ఫోర్క్), 29 అంగుళాల చక్రాలు, ముందు రెండు వెనక ఎనిమిది గేర్లు, హైడ్రాలిక్ (తీగకి బదులు ఆయిల్ ఒత్తిడితో పట్టే) డిస్క్ బ్రేకులు, బరువు 14.5 కిలోలు. నేను కట్టింది 38,000 రూపాయలు. ఆ తర్వాత హెల్మెట్, పంపు, వేరే సీటు, చైన్లు, బ్రేకు ప్యాడ్లు అన్నీ కలిపి ఇంకో 14,000 దాకా అయింది. కొనేటప్పుడు ఈ రెండో లెక్క ఎవరూ చెప్పరు. అందుకే ముందే రాస్తున్నాను.

షాపుకి వెళ్లిన మొదటి రోజు అక్కడి అబ్బాయి నా నెరిసిన జుట్టు చూసి, "మీకు డబుల్ షాకర్ బాగుంటుంది సార్, నడుముకి మంచిది" అన్నాడు. ముందూ వెనకా స్ప్రింగులున్న ఆ సైకిల్ చూడటానికి మోటార్ సైకిల్‌లా గట్టిగా ఉంది, ధర నేను కొన్నదానికంటే తక్కువ. నడుంనొప్పి ఉన్నవాడిని కాబట్టి మనసు అటే లాగింది. షాపు వెనక సందులో ఒక రౌండ్ తొక్కితే సంగతి తెలిసింది. పెడల్ తొక్కిన ప్రతిసారీ వెనక స్ప్రింగ్ కుంగుతోంది, లేస్తోంది. కాలు పెట్టిన బలంలో కొంత ఆ స్ప్రింగే తినేస్తోంది. ఖరీదైన డబుల్ షాకర్లలో ఈ ఊపుని తగ్గించే ఏర్పాటు ఉంటుంది, వాటి ధర లక్ష పైమాటే. తక్కువ ధరలో వచ్చేవాటిలో ఉండేది వట్టి స్ప్రింగ్, దానితోపాటు మూడు నాలుగు కిలోల అదనపు బరువు. మన వయసులో కాళ్లలో ఉన్న బలం మొదట చక్రం తిప్పడానికి సరిపోవాలి. అందుకే ముందు షాకర్ మాత్రమే ఉన్నది తీసుకున్నాను. నాలుగేళ్ల తర్వాత కూడా ఆ నిర్ణయం సరైనదనే అనుకుంటున్నాను.

సైజు విషయంలో కూడా షాపువాళ్ల మాట వినకుండా ఉండటమే మేలైంది. నా ఎత్తు 172 సెంటీమీటర్లు. స్టాకులో ఉన్నది లార్జ్ కాబట్టి, "సీటు దించితే సరిపోతుంది సార్" అన్నారు. సీటు దించితే కాళ్లు అందుతాయి గానీ, హ్యాండిల్ దూరం తగ్గదు కదా. ఆ లార్జ్ ఫ్రేమ్ పైగొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడి చూశాను. వేలెడు ఖాళీ కూడా లేదు. మీడియం మీద అయితే నాలుగు వేళ్ల ఖాళీ దొరికింది. మట్టిదారిలో గబుక్కున దిగాల్సి వచ్చినప్పుడు ఆ ఖాళీయే కాపాడుతుంది. మీడియం కోసం మూడు వారాలు ఆగాను.

ఇక గేర్లు. ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. మధ్యవయసులో మళ్లీ సైకిలెక్కేవాళ్లు చూడాల్సింది గేర్లు ఎన్ని ఉన్నాయని కాదు, అన్నిటికంటే తేలికైన గేరు ఎంత తేలిక అని. "21 గేర్లు సార్" అని గొప్పగా చూపించే సైకిళ్లలో చాలావాటికి ముందు చిన్న చైన్‌వీల్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) 24 పళ్లు, వెనక పెద్దది 28 పళ్లు ఉంటాయి. నా దానికి ముందు చిన్నది 22, వెనక పెద్దది 34. లెక్క వేసి చూస్తే, పెడల్ ఒక చుట్టు తిరిగితే నా సైకిల్ ఒకటిన్నర మీటరు ముందుకు పోతుంది. 26 అంగుళాల చక్రాలున్న ఆ 21 గేర్ల సైకిల్ ఒకటిముప్పావు మీటరు పైన పోతుంది. ఎక్కువ దూరం పోవడం మంచిదే కదా అనిపిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అది తిరగబడుతుంది: ప్రతి చుట్టుకీ అంత ఎక్కువ ఎత్తు ఎత్తాలి, అంత ఎక్కువ బరువు మోకాలి మీద పడుతుంది.

మొదటి నెలలో తొట్లకొండ ఎక్కబోయాను. భీమిలి రోడ్డు నుంచి పక్కకి తిరిగి, సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున్న ఆ బౌద్ధారామం దాకా రోడ్డుంది. సగంలో దిగి నడిపించుకుంటూ వెళ్లాను. అప్పటికి నాకు గేర్ల సంగతి సరిగ్గా తెలియదు, చిన్న చైన్‌వీల్ మీదకి మార్చడమే మొహమాటంగా ఉండేది, చేతకానివాళ్ల గేరు అన్నట్టు. రెండో నెలలో ఆ మొహమాటం వదిలేశాను. ఆ తేలిక గేరులో నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకి ఐదు కిలోమీటర్ల చిల్లర వేగం వస్తుంది. నడకకంటే కొంచెం ఎక్కువ, అంతే. కానీ ఊపిరి చేతిలో ఉంటుంది, పక్కవాడితో మాట్లాడగలం. ఆ గేరు లేకపోయి ఉంటే ఈ సైకిల్ మూడో నెలకే బాల్కనీలో బట్టలారేసుకునే దండెం అయిపోయేది. ఇప్పుడు ముందు ఒకే చైన్‌వీల్ పెట్టి, వెనక 51 పళ్ల దాకా ఉన్న సైకిళ్లు వస్తున్నాయి. ముందు 32, వెనక 51 అంటే నా గేరంత తేలికే, మార్చడానికి ఒకటే మీట కాబట్టి గందరగోళం లేదు. డబ్బు సరిపోతే అవే తీసుకోండి.

మోకాళ్ల గురించి వివరంగా చెప్పాలి. రెండో నెలలో రెండు మోకాళ్లకీ ముందు భాగంలో, చిప్ప కింద నొప్పి మొదలైంది. వయసు మీద పడింది, ఇంక సైకిల్ మనకి కాదు అనుకున్నాను. ఇంట్లో కూడా అదే మాట. తప్పు సీటుది. ఇరవై ఐదేళ్ల తర్వాత ఎక్కుతున్నామన్న భయంతో, ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనాలని సీటు బాగా కిందకి దించేసి తొక్కాను. అలా తొక్కితే మోకాలు ఎప్పుడూ వంగే ఉంటుంది, ప్రతి తొక్కుడుకీ చిప్ప మీద ఒత్తిడి. పెదవాల్తేరులో ఎప్పటినుంచో సైకిళ్లు బాగుచేస్తున్న పెద్దాయన ఒకరు నన్ను చూసి, "మడమ పెడల్ మీద పెట్టి కిందకి తొక్కు బాబూ, కాలు తిన్నగా రావాలి" అన్నారు. చూస్తే నా సీటు ఏకంగా నాలుగు సెంటీమీటర్లు కిందకి ఉంది. ఒకేసారి కాకుండా వారానికో సెంటీమీటరు చొప్పున పెంచాను. ఆరు వారాల్లో నొప్పి పోయింది, మళ్లీ రాలేదు. సీటు మరీ ఎత్తైతే మోకాలి వెనక లాగుతుంది, తుంటి అటూ ఇటూ ఊగుతుంది, అదీ గమనించుకోవాలి. ఆగేటప్పుడు సీటు మీద కూర్చుని కాలు ఆనించడం మానేసి, ముందుకి జారి దిగడం నేర్చుకోవాలి. ఒక ఆదివారం ఖాళీ మైదానంలో యాభైసార్లు చేస్తే వచ్చేస్తుంది.

మోకాలి నొప్పి తగ్గకపోయినా, తొక్కేటప్పుడు ఛాతీలో బరువుగా ఉన్నా సీటు సర్దుకుంటూ కూర్చోకండి, డాక్టరు దగ్గరకి వెళ్లండి. నేను కొనకముందే బీపీ, షుగర్, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష) చేయించుకున్నాను. ఇంట్లోవాళ్లకీ నాకూ టెన్షన్ తగ్గింది.

అరచేతులు తిమ్మిరెక్కడం ఇంకో ఇబ్బంది. గంట దాటితే చిటికెన వేలు, పక్క వేలు మొద్దుబారేవి. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ 90 మిల్లీమీటర్లది వచ్చింది. దాన్ని 60కి మార్పించాను, హ్యాండిల్ మూడు సెంటీమీటర్లు దగ్గరికి వచ్చింది. సీటు ముక్కు కిందకి వాలి ఉండటంతో ఒళ్లంతా ముందుకి జారి చేతుల మీద పడుతోందని కూడా తెలిసింది. దాన్ని సమంగా పెట్టాను. ఖర్చు ఎనిమిది వందలు. సీటు సంగతీ ఇలాంటిదే. మెత్తగా ఉంటుందని మొదట జెల్ కవర్ కొన్నాను. అరగంట దాకా హాయిగానే ఉంటుంది, తర్వాత ఆ మెత్తదనమే అక్కర్లేని చోట ఒత్తుతుంది. పిరుదుల ఎముకల వెడల్పుకి సరిపోయే గట్టి సీటు వేయించాక కవర్ తీసేశాను.

టైర్ల గాలి విషయంలో ఆరు నెలలు తప్పు చేశాను. టైరు పక్కన గరిష్ఠం 65 పీఎస్‌ఐ అని రాసి ఉంటే, షాపులో 60 కొట్టి ఇచ్చారు, నేనూ అదే కొట్టించుకుంటూ పోయాను. రోడ్డు మీద ప్రతి గతుకూ వెన్నులో తెలిసేది. 82 కిలోల మనిషికి 2.2 అంగుళాల టైరులో అంత అక్కర్లేదు. ముందు 32, వెనక 35కి దించిన రోజు సైకిలే మారిపోయినట్టు అనిపించింది. ఆ ధరలో వచ్చే స్ప్రింగ్ ఫోర్కుకంటే సరైన గాలే ఒంటికి ఎక్కువ సుఖం ఇస్తుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి. 25 దగ్గర నాకు రెండుసార్లు అలా పంచర్ అయింది. కొనేటప్పుడు వాల్వు మోటార్ సైకిల్‌కి ఉండే రకమేనా చూసుకోండి. అలా ఉంటే దారిలో ఏ పెట్రోల్ బంకులోనైనా గాలి పట్టించుకోవచ్చు.

బ్రేకుల దగ్గర డబ్బు చూసుకోవద్దు. డిస్క్ అని చెప్పి తీగతో లాగే రకం ఇస్తారు, అడగండి. స్నేహితుడి దగ్గర అది ఉంది. కైలాసగిరి దిగేటప్పుడు ఒకసారి మార్చుకుని తొక్కాం, కిందకొచ్చేసరికి నా వేళ్లు పట్టేశాయి. హైడ్రాలిక్ అయితే ఒక వేలితో ఆగుతుంది. నాలుగేళ్లలో మూడుసార్లు ప్యాడ్లు మార్చాను, ఒకసారి ఆయిల్ మార్పించాను. అందులో ఒక జత ప్యాడ్లు నా చేతులారా పాడుచేసుకున్నవే. చైన్‌కి స్ప్రే కొడుతుంటే తుంపర డిస్కు మీద పడింది, ప్యాడ్లు ఆయిల్ పీల్చుకుని వీధంతా వినపడేట్టు కీచుమన్నాయి, బ్రేకు పట్టడం మానేసింది. అప్పటినుంచి చైన్‌కి స్ప్రే వాడను, చుక్క చుక్కగా వేసేదే వాడతాను. నా బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. మోటార్ సైకిళ్లకి పోసే డాట్ ఆయిల్ పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి. మామూలు మెకానిక్‌కి ఇస్తే ముందే చెప్పాలి.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది తుప్పు. మొదటి వానాకాలం దాటేసరికి బోల్టులన్నీ ఎర్రబారాయి. ఉప్పుగాలి, దాని మీద ఇసుక. చిక్కటి ఆయిల్ వేస్తే ఇసుక పట్టుకుని గరుకు పిండిలా తయారై చైన్‌నీ పళ్లనీ అరగదీస్తుంది. ఇప్పుడు బీచ్ రోడ్డు నుంచి రాగానే తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆర్చి, వారానికోసారి పల్చటి ఆయిల్ వేసి, పైన ఉన్నది తుడిచేస్తాను. పది నిమిషాల పని. మొదటి చైన్‌ని 5,000 కిలోమీటర్ల దాకా పట్టించుకోలేదు. సాగిపోయిన చైన్ వెనక పళ్లని కూడా తినేయడంతో క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్టు) కూడా మార్చాల్సి వచ్చింది. కొత్త చైన్‌లో పన్నెండు లింకులు (లోపలిదీ బయటిదీ కలిపి ఒకటిగా లెక్కిస్తే) సరిగ్గా పన్నెండు అంగుళాలు ఉంటాయి. స్కేలు పెట్టి కొలిస్తే అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే చైన్ మార్చేయాలి. ఇప్పుడు నడుస్తున్నది మూడో చైన్, క్యాసెట్ ఇంకా బాగుంది.

అసలు మౌంటెన్ బైక్ అవసరమా అని చాలామంది అడుగుతారు. తెల్లవారుజామున మోటారు బండ్లు ఆపేసిన ఆర్కే బీచ్ రోడ్డు మీద తొక్కడమే మీ ఉద్దేశం అయితే, నిజాయితీగా చెబుతున్నాను, హైబ్రిడ్ తీసుకోండి. సన్నటి టైర్లతో రెండు కిలోలు తక్కువ బరువుంటుంది, అదే శ్రమకి ఎక్కువ దూరం వెళ్తారు. నాకు మాత్రం రోడ్డు అంచు దిగి మట్టిలోకి వెళ్లాలనిపిస్తుంది. ఊళ్ల మధ్య జీడితోటల పక్కన దారులు, వాన పడ్డాక గట్టిపడ్డ ఎర్రమట్టి, ఇవన్నీ వెడల్పు టైర్లుంటేనే. ఒక్క విన్నపం. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం సైకిల్ తీసుకెళ్లకండి. వేల ఏళ్లుగా గాలీ నీరూ పేర్చిన ఇసుక అది, జాతీయ భూవారసత్వ ప్రదేశం. చక్రం పడితే అంచులు రాలిపోతాయి. నేను బయట తాళం వేసి నడిచి వెళ్తాను.

ఈ సైకిల్లో నాకు నచ్చనిది ఒక్కటే, ముందు ఫోర్క్. మూడో ఏటికి దాని మెరిసే గొట్టాల మీద ఉప్పుకి చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టింది, సీళ్లు పోయాయి. ఇప్పుడు కుంగితే లేవడానికి ఆలోచిస్తుంది. ఈ ధర ఫోర్కులు విప్పి బాగుచేసే వీలు తక్కువ, మార్చడమే అన్నారు. మళ్లీ స్ప్రింగ్‌దే వేస్తే మూడేళ్లకి మళ్లీ ఇదే కథ. గాలితో పనిచేసే మంచిది వేయాలంటే సైకిల్ ధరలో సగం. చాలా ఆలోచించాక షాకర్ లేని ఫోర్క్ వేయిద్దామని నిశ్చయించుకున్నాను. పాత ఫోర్క్ ఎంత పొడవుందో దానికి సరిపోయేదే వెతకాలి, పొట్టిది వేస్తే ముందు భాగం దిగిపోయి హ్యాండిల్ మరీ చురుగ్గా తిరుగుతుంది. బరువు కిలో పైన తగ్గుతుంది, తుప్పు పట్టే గొట్టాలుండవు, గతుకులకి టైర్ల గాలి ఎలాగూ ఉంది. సంక్రాంతి సెలవుల్లో వేయిస్తున్నాను. వేయించిన మర్నాడు తొట్లకొండకే.