జీమెయిల్లో చెత్త మెయిళ్ల కట్టడి: ఏళ్ల తరబడి వాడాక

లాటరీ తగిలిందనే మెయిళ్ల సంగతి జీమెయిల్ స్పామ్ ఫిల్టరే చూసుకుంటుంది, దానికి పెద్దగా వంక పెట్టలేం. అసలు విసుగంతా మనమే ఎప్పుడో అడ్రసు ఇచ్చిన బట్టల షాపులు, టికెట్ల సైట్లు, బీమా ఏజెంట్లతోనే. వాళ్లు దొంగలు కారు కాబట్టి స్పామ్ ఫిల్టర్ వాళ్ల జోలికి పోదు. ఆ పని మన చేతుల మీదే జరగాలి.

ఇక మెయిళ్లు పంపొద్దని చెప్పే అన్‌సబ్‌స్క్రైబ్ రెండు రకాలు. మెయిలు పైన, పంపినవాళ్ల పేరు పక్కన జీమెయిలే చూపించే బటన్ ఒకటి. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే లింకు ఇంకొకటి. పై బటన్ నమ్మదగ్గది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ప్రచార మెయిళ్లకు ఒక్క నొక్కుతో ఆగే ఏర్పాటు పెట్టాలని, అడిగిన 2 రోజుల్లో ఆపాలని గూగుల్ 2024లో నిబంధన తెచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్ల మెయిల్లో మాత్రం అడుగు లింకు ముట్టుకోవద్దు. ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని మనమే చెప్పినట్టవుతుంది. అలాంటి వాటికి రిపోర్ట్ స్పామ్ సరైన మందు. ఇదే మందు తెలిసిన షాపుకి వేస్తే రేపు వాళ్ల బిల్లులూ స్పామ్‌లో పడొచ్చు.

బ్లాక్ పేరుకే బ్లాక్. మెయిలు వస్తూనే ఉంటుంది, కాకపోతే స్పామ్‌లోకి పోతుంది. పైగా ఆ ఒక్క అడ్రసుకే పనిచేస్తుంది. ఆఫర్లు ఒక అడ్రసు నుంచి, పండగ డిస్కౌంట్లు మరో అడ్రసు నుంచి పంపే షాపుకి ఫిల్టరే (ఫలానా మెయిలు వస్తే ఏం చేయాలో మనం ముందే పెట్టుకునే నియమం) దిక్కు.

ఫిల్టర్ ఫోన్ యాప్‌లో తయారుకాదు, కంప్యూటర్ బ్రౌజర్‌లో చేసుకోవాలి. వెతికే పెట్టె కుడి చివరి గుర్తు నొక్కి, ఫ్రమ్ గడిలో ఎట్ గుర్తు తర్వాతి భాగం మాత్రమే రాసి, క్రియేట్ ఫిల్టర్ నొక్కాలి. తర్వాత స్కిప్ ది ఇన్‌బాక్స్‌కి (ఇన్‌బాక్స్‌లో పడకుండా) టిక్కు పెట్టి, ఒక లేబుల్ (ఆ మెయిళ్లను విడిగా చూసుకునే పేరు) తగిలించాలి. డిలీట్ ఇట్ జోలికి మొదటి రెండు వారాలు పోవద్దు. చాలామంది ఉత్సాహంగా, అన్‌సబ్‌స్క్రైబ్ అనే మాట ఉన్న ప్రతి మెయిలూ పోవాలని ఫిల్టర్ పెట్టేస్తారు. ఆ మాట కరెంటు బిల్లు కిందా ఉండొచ్చు, బ్యాంకు స్టేట్‌మెంటు కిందా ఉండొచ్చు. లేబుల్‌లో పడితే వెతుక్కోవచ్చు; డిలీట్ అయితే 30 రోజుల తర్వాత ట్రాష్‌లోంచి కూడా మాయం.

ఇక ప్లస్ కిటుకు. ఖాతా పేరు రవి అయితే షాపుకి ఎట్ గుర్తుకు ముందు రవి+చీరలు అని, ఏజెంటుకి రవి+బీమా అని ఇవ్వొచ్చు, అన్నీ ఒకే ఇన్‌బాక్స్‌కి వస్తాయి. టు గడిలో ఆ అడ్రసు పెట్టి ఫిల్టర్ చేస్తే పంపేవాళ్లు ఎన్ని పేర్లు మార్చినా దొరికిపోతారు. (అడ్రసు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే.) లోపాలూ ఉన్నాయి. కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు. బిల్లు కౌంటర్లో నోటితో చెబితే టైపు చేసేవాళ్లు తికమకపడతారు. ఏ సైటుకి ఏది ఇచ్చామో రాసుకోకపోతే లాగిన్ దగ్గర తిప్పలు. మనం జవాబు రాస్తే మామూలుగా అసలు అడ్రసు నుంచే వెళ్తుంది. అన్నిటికన్నా పెద్దది, స్పామర్లు ప్లస్ నుంచి తోక కత్తిరించేస్తే మిగిలేది మన అసలు అడ్రసే.

ఆ భయం ఉన్నచోట ఫైర్‌ఫాక్స్ రిలే (మారు అడ్రసుకి వచ్చిన మెయిళ్లను మన అసలు అడ్రసుకి చేరవేసే సేవ) మేలు. ఉచిత ఖాతాలో 5 మారు అడ్రసులు ఇస్తుంది, అవతలివాళ్లకు అసలుది కనబడదు. విసుగొస్తే ఆ ఒక్కదాన్నే ఆపేయొచ్చు. ఆపాక వచ్చిన మెయిలు మళ్లీ దొరకదు కాబట్టి బ్యాంకుకు, ఉద్యోగ దరఖాస్తులకు దీన్ని వాడకూడదు.

స్పామ్ ఫోల్డర్‌ని వారానికోసారి తిరగేయాలి. అందులోవీ 30 రోజులకు వాటంతటవే పోతాయి, మామూలు వెతుకులాటలో కనబడవు కూడా. ఇంటర్వ్యూ పిలుపు అక్కడ కనిపిస్తే నాట్ స్పామ్ నొక్కి, ఆ పంపినవాళ్లకు నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్ అని ఫిల్టర్ పెట్టుకోవాలి.