ఆదివారం సాయంత్రం కళ్ళకు గంతలు

బెంగళూరు మల్లేశ్వరంలో ఒక కాఫీ హోటలు మేడమీద నెలకొక ఆదివారం సాయంత్రం పాత అమెరికన్ టెలివిజన్ ప్యానెల్ ఆటలను తెరమీద చూపించి, ఆ తరువాత వచ్చినవారి చేత అదే ఆటను తెలుగులో ఆడిస్తున్నారు. మనిషికి 350 రూపాయలు. అందులోనే ఒక మద్దూరు వడ, ఒక ఫిల్టర్ కాఫీ. వడ చల్లారిపోయింది, కాఫీ బాగుంది.

మా వదినా నేనూ వెళ్ళిన రోజున చూపినది ‘వాట్స్ మై లైన్?’. 1950 ఫిబ్రవరి నుంచి 1967 సెప్టెంబరు వరకు సీబీఎస్ అనే అమెరికన్ టీవీ సంస్థలో నడిచిన ఈ ఆటలో అతిథి నల్లబల్ల మీద పేరు రాసి కూర్చుంటే, నలుగురు ప్యానెలిస్టులు అవును, కాదు అనే జవాబులకే వీలిచ్చే ప్రశ్నలతో అతని వృత్తిని కనిపెట్టాలి. ‘కాదు’ అన్న ప్రతిసారీ అతిథికి 5 డాలర్లు. పది ‘కాదు’లు పడితే 50 డాలర్లతో ఆట సరి. ఇంత చిన్న బహుమతితో పదిహేడేళ్ళు నడిచిందంటే, ఆ బలం ప్రశ్నలు అడిగినవారిదే. పత్రికా రచయిత్రి డొరొతీ కిల్‌గాలెన్ వకీలు సాక్షిని నిలదీసినట్లు ఒక్కొక్క సందూ మూసుకుంటూ వస్తారు. ర్యాండమ్ హౌస్ ప్రచురణ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన బెనెట్ సెర్ఫ్‌కు శ్లేషలంటే ప్రాణం. నటి ఆర్లీన్ ఫ్రాన్సిస్ నవ్వుతూనే అసలు సంగతి లాగుతారు. ప్రముఖులు వచ్చినప్పుడు మాత్రం నలుగురూ కళ్ళకు గంతలు కట్టుకుంటారు. 1957లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ వచ్చి దాదాపు ప్రతి ప్రశ్నకూ అవునంటూ ఉంటే, నిర్వాహకుడు జాన్ డేలీ కల్పించుకొని సరిదిద్దవలసి వచ్చిన భాగానికి మేడంతా నవ్వింది. బొమ్మ మసకగా ఉందని నా వెనుక ఒకాయన విసుక్కున్నారు. అప్పటి ప్రత్యక్ష ప్రసారాలను టీవీ తెర ఎదుట ఫిలిం కెమెరా పెట్టి పట్టి ఉంచేవారని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ విసుగు ఉండేది కాదు.

తెలుగు ఆటలోనే నాకు పేచీ ఉంది. అతిథిగా వచ్చిన పెద్దాయన రామనగర పట్టుగూళ్ళ మార్కెట్టులో చాలాకాలం తూకం చూసినవారు. ప్యానెల్‌లో కూర్చున్న మా వదిన, ఆయన వస్తువులను తూచేవారని రెండు ప్రశ్నలలోనే పట్టుకొని, “మీరు తూచేదానికి ప్రాణం ఉంటుందాండీ?” అని అడిగింది. ఆయన తడబడి, “ఏమని చెప్పను బాబూ?” అంటూ నిర్వాహకుడి వైపు తిరిగారు. ఆ కుర్రవాడు క్షణమైనా ఆలోచించకుండా ‘కాదు’ అట్ట తిప్పేశాడు. డేలీ అయితే అతిథి చెవిలో గుసగుసలాడి, సుదీర్ఘమైన వాక్యంతో, ఒక విధంగా అవును, ఇంకొక విధంగా కాదు అని తేల్చి ఉండేవారు; ఆ ఆటలో సగం రుచి అలాంటి తీర్పులలోనే ఉంది. మార్కెట్టుకు వచ్చే గూడులో ప్యూపా, అంటే గూడు కట్టుకొని లోపల ఉన్న పట్టుపురుగు, బతికే ఉంటుంది. దారం తీసేముందు వేడి తగిలించి చంపుతారు. ఆ ఒక్క అట్టతో దారి తప్పిన వదిన ఇత్తడి సామాను మీదికీ, కిరాణా సరుకుల మీదికీ వెళ్ళి ఓడిపోయింది.

అయినా ఈ కార్యక్రమానికి వెళ్ళమనే చెబుతాను. చూపే భాగాల ఎంపిక బాగుంది. అతిథులను సినిమా రంగం నుంచి కాక మామూలు వృత్తుల నుంచి తీసుకురావడం ఇంకా బాగుంది. కొరత నిర్వాహకుడి తొందరే: మైకు చేత పట్టుకున్నంతసేపు గడియారం చూస్తూనే ఉన్నాడు.

ఆట ముగిశాక పెద్దాయన జేబులోంచి పసుపుపచ్చని గూడు ఒకటి తీసి, “వినమ్మా” అంటూ వదిన చెవి దగ్గర మెల్లగా ఆడించారు. లోపల ఏదో బరువుగా తగిలిన చప్పుడు నాకూ వినిపించింది. నిర్వాహకుడు అప్పటికే రెండో అతిథిని పిలిచేశాడు.